జాన్ డెన్వర్: పాటలు, విమానం, ఆ చివరి సాయంత్రం – తరచుగా అడిగే ప్రశ్నలు

జాన్ డెన్వర్ పేరు చెబితే మనవాళ్లలో చాలామంది ‘ఎవరాయన?’ అని చూస్తారు. ‘కంట్రీ రోడ్స్’ అనగానే మాత్రం ‘ఓ, ఆ పాటా!’ అంటారు. నాకూ అలాగే పరిచయం. హాస్టల్లో పక్క గది సీనియర్ దగ్గర ఒక గిటారు, అరిగిపోయిన ఒక క్యాసెట్ ఉండేవి. ఆ పాట తర్వాత ఇంకో పాట, ఆ తర్వాత ఆ మనిషి, చివరికి అతను పోయిన విమానం. ఏటా అక్టోబర్‌లో నేను ఈ మాట ఎత్తినప్పుడల్లా స్నేహితులు దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతారు. తెలిసినంతవరకు జవాబులు ఒకచోట రాసి పెడుతున్నాను.

ఎవరీ జాన్ డెన్వర్? క్లుప్తంగా చెప్పండి.

అమెరికన్ గాయకుడు, పాటల రచయిత. 1943 డిసెంబర్ 31న న్యూ మెక్సికో రాష్ట్రంలోని రాస్వెల్‌లో పుట్టాడు. గుండ్రటి కళ్లద్దాలు, నుదుటి మీద పడే జుట్టు, చేతిలో గిటారు. 1974, 1975 రెండేళ్లలోనే అతని పాటలు నాలుగు, అమెరికాలో పాటల ఆదరణ లెక్కగట్టే బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి వెళ్లాయి. 1997 అక్టోబర్ 12న తన చిన్న విమానాన్ని తనే నడుపుతూ కాలిఫోర్నియాలోని మాంటెరే బే దగ్గర సముద్రంలో కూలి చనిపోయాడు. అప్పటికి 53 ఏళ్లు.

అసలు పేరు డెన్వర్ కాదటగా?

కాదు. హెన్రీ జాన్ డాయిషెన్‌డార్ఫ్ జూనియర్. పాటగాడిగా అవకాశాలు వెతుక్కుంటున్న రోజుల్లో, అంత పొడుగు పేరు థియేటర్ బోర్డు మీద పట్టదని ఎవరో సలహా ఇచ్చారు. కొలరాడో మీద ఇష్టంతో ఆ రాష్ట్ర రాజధాని పేరు తగిలించుకున్నాడు. అప్పటికి అతను కొలరాడో వాడు కాదు. పేరు ముందు పెట్టుకుని, ఆ తర్వాత అక్కడికి వెళ్లి స్థిరపడ్డాడన్నమాట.

విమానాల పిచ్చి ఎక్కడి నుంచి వచ్చింది?

ఇంట్లోంచే. తండ్రి అమెరికా వైమానిక దళంలో పైలట్. మామూలు పైలట్ కూడా కాదు, బి-58 హస్లర్ అనే బాంబర్ మీద 1961లో వేగం రికార్డులు నెలకొల్పిన మనిషి. ఇంట్లో మాత్రం క్రమశిక్షణ తప్ప ముద్దూమురిపెం తెలియని తండ్రి అని డెన్వర్ తన ఆత్మకథలో రాసుకున్నాడు. ఉద్యోగం బదిలీలది. అరిజోనా, అలబామా, టెక్సాస్ అంటూ ఊళ్లు మారుతూ పెరిగాడు. ఒక ఊళ్లో స్నేహితులు కుదిరేసరికి ఇంకో ఊరు. రైల్వే ఉద్యోగుల పిల్లలకీ బ్యాంకు ఉద్యోగుల పిల్లలకీ ఈ బాధ విడమర్చి చెప్పక్కర్లేదు. పదకొండేళ్లప్పుడు అమ్మమ్మ తన పాత గిబ్సన్ గిటారు ఇచ్చింది. కొత్త బడిలో నలుగురితో కలవడానికి అదే దారి అయింది.

నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. హైస్కూల్లో ఉండగా, సంగీతంలో ఏదో సాధిద్దామని నాన్న కారు వేసుకుని చెప్పకుండా కాలిఫోర్నియాకి పారిపోయాడు. ఆ నాన్న, తన స్నేహితుడి జెట్ విమానంలో వెనకాలే ఎగిరి వెళ్లి కొడుకుని వెనక్కి తెచ్చాడు. పారిపోయిన పిల్లవాడి కోసం బస్టాండ్లో కాపలా కాసిన తండ్రుల కథలు మనం విన్నాం గానీ, ఇలాంటిది వినలేదు.

మరి విమానం నడపడం ఎవరు నేర్పారు?

ఆ నాన్నే. కొడుకు పెద్ద పేరు తెచ్చుకున్నాక, 1970ల మధ్యలో, వైమానిక దళం నుంచి రిటైరైన తండ్రి అతనికి విమానం నడపడం నేర్పాడు. ఇద్దరి మధ్య ఏళ్ల తరబడి ఉన్న దూరం ఆ కాక్‌పిట్‌లోనే తగ్గింది. తర్వాత కొడుకు కొన్న లియర్ జెట్‌కి తండ్రే పైలట్‌గా పనిచేశాడు. 1982లో ఆయన పోయాడు.

అందుకే డెన్వర్ విమానాల గురించి ‘డబ్బున్న స్టార్ సరదా’ అని ఎవరైనా తేల్చేస్తే నాకు మనసొప్పదు. డబ్బు ఉంది, సరదా కూడా ఉంది. కానీ చిన్నప్పుడు మాట కలపని నాన్నతో మాట కలిసిన చోటు అది. అతని దగ్గర రకరకాల విమానాలుండేవి. వాటిలో ఒకటి 1931 నాటిది, రెక్కలు ఒకదాని మీద ఒకటిగా ఉండే పాత బైప్లేన్. పోయేనాటికి 2,700 గంటలకు పైగా నడిపిన అనుభవం ఉంది. కొత్తగా నేర్చుకుంటున్నవాడు కాదు.

‘లీవింగ్ ఆన్ ఎ జెట్ ప్లేన్’ రాసింది అతనేనా? పీటర్, పాల్ అండ్ మేరీ పాట కదా?

రాసింది డెన్వర్. 1966లో. అప్పటికి అతనెవరో లోకానికి తెలియదు. మొదట వేరే పేరు పెట్టాడు, తర్వాత మార్చారు. పీటర్, పాల్ అండ్ మేరీ బృందం పాడాక 1969 డిసెంబర్‌లో అది మొదటి స్థానానికి చేరింది.

ఆ పాట రాసేటప్పటికి డెన్వర్‌కి విమానం నడపడం రాదు. పాటలోని మనిషి సామాను సర్దుకుని, ఇంకెవరో నడిపే విమానం ఎక్కి, ఇష్టమైన మనిషిని వదిలి వెళ్లేవాడు. పైలట్ పాట కాదు, ప్రయాణికుడి పాట. హైదరాబాద్ ఎయిర్‌పోర్టులో అమెరికా వెళ్లే పిల్లల్ని సాగనంపడానికి వచ్చి, అద్దాల అవతల నిలబడి చెయ్యి ఊపే అమ్మానాన్నల్ని చూసినప్పుడల్లా నాకు ఆ పాటే గుర్తొస్తుంది.

‘కంట్రీ రోడ్స్’లో ఉన్న వెస్ట్ వర్జీనియా అతని సొంతూరా?

కాదు, అసలు తమాషా అక్కడే ఉంది. ఆ పాట మొదలుపెట్టింది బిల్ డానాఫ్, టాఫీ నివర్ట్ అనే జంట. మేరీల్యాండ్‌లో ఒక పల్లె దారిలో కారులో వెళ్తూ అల్లడం మొదలుపెట్టారు. అంటే దారి మేరీల్యాండ్‌ది, పేరు వెస్ట్ వర్జీనియాది. డానాఫ్ సొంత రాష్ట్రం మసాచుసెట్స్. ఆ పేరు కూడా ఆలోచించారట గానీ, వెస్ట్ వర్జీనియా పలకడానికి బాగుందని అదే ఉంచారు. పాటలో వచ్చే బ్లూ రిడ్జ్ కొండలు, షెనండోవా నది చాలావరకు పక్కనున్న వర్జీనియాలోనే ఉన్నాయని భూగోళం మాస్టార్లు ఇప్పటికీ తప్పు పడుతుంటారు.

1970 డిసెంబర్ చివర్లో వాషింగ్టన్‌లోని సెల్లార్ డోర్ అనే క్లబ్‌లో డెన్వర్ పాడుతున్నాడు. ఒక రాత్రి ఆ జంట ఇంటికి వెళ్తుంటే కారు ప్రమాదం జరిగి బొటనవేలు విరిగింది. కట్టు కట్టించుకుని వాళ్లింటికే వెళ్లాడు. సగంలో ఉన్న పాట వినిపించారు. అంతకుముందు వాళ్లు దాన్ని పేరున్న కంట్రీ గాయకుడు జానీ క్యాష్‌కి ఇద్దామనుకున్నారు. ఇది నాక్కావాలని డెన్వర్ పట్టుబట్టాడు. తెల్లవారేలోగా ముగ్గురూ కూర్చుని పూర్తి చేశారు. తర్వాతి ప్రదర్శనలో జనం ముందు పాడేశారు. 1971లో రికార్డు వచ్చి రెండో స్థానం దాకా వెళ్లింది. 2014లో వెస్ట్ వర్జీనియా దాన్ని అధికారిక రాష్ట్ర గీతాల్లో చేర్చుకుంది.

సొంతూరంటూ లేకుండా పెరిగిన ఒకడు, ఆ ఊరితో పెద్దగా పరిచయం లేని మరో ఇద్దరు కలిసి రాసిన ‘ఇంటికెళ్లాలి’ అనే పాట అది. అందుకేనేమో ఎవరి ఊరు వాళ్లు పెట్టుకుని పాడుకుంటారు. మా హాస్టల్లో ఒకడు వెస్ట్ వర్జీనియా బదులు ‘వెస్ట్ గోదావరి’ అని పాడేవాడు. ఎంత చక్కగా ఇమిడిందో!

డెన్వర్‌ని అసలు కంట్రీ గాయకుడు అనొచ్చా?

అమెరికాలో ఇది పెద్ద తగువు. కంట్రీ అంటే అక్కడి దక్షిణాది పల్లెల్లో ఫిడేలు, బాంజో, గిటారు మీద పెరిగిన సంగీతం. దాని రాజధాని నాష్‌విల్. డెన్వర్ అటు నుంచి రాలేదు. 1965లో చాడ్ మిచెల్ ట్రయో అనే జానపద బృందంలో చేరి పైకొచ్చాడు. కొండలు, అడవులు, ఎండ మీద పాడే మెత్తని గొంతు.

1975లో కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ‘ఎంటర్‌టైనర్ ఆఫ్ ది ఇయర్’ అవార్డు అతనికి వచ్చింది. పేరు చదవాల్సింది ముందటేడు అదే అవార్డు గెలిచిన చార్లీ రిచ్. కవరు విప్పి, లోపలి కాగితం చూసి, జేబులోంచి లైటర్ తీసి దానికి నిప్పంటించాడు. కాలుతుండగానే పేరు చదివాడు. ఇలాంటి పాప్ పాటగాడికి మా అవార్డేమిటన్న నిరసన అని కొందరు, ఆ రోజు ఆయన స్పృహలో లేడని కొందరు. డెన్వర్ అప్పుడు ఆస్ట్రేలియాలో ఉండి ఉపగ్రహం ద్వారా మాట్లాడుతున్నాడు. ఆ మంట అతనికి కనిపించలేదు. నవ్వుతూ కృతజ్ఞతలు చెప్పాడు. నన్నడిగితే, అదే ఏడు ‘థాంక్ గాడ్ ఐయామ్ ఎ కంట్రీ బాయ్’ కంట్రీ పట్టికలోనూ, మామూలు పట్టికలోనూ మొదటి స్థానంలో నిలిచింది. వినేవాళ్లు ఎప్పుడో తీర్పు చెప్పేశారు.

అంతరిక్షంలోకి వెళ్లాలనుకున్నాడని విన్నాను, నిజమేనా?

నిజమే. నాసా శారీరక పరీక్షలు కూడా పాసయ్యాడు. ప్రజల్లో అంతరిక్షం మీద ఆసక్తి పెంచినందుకు 1985లో నాసా అతనికి పతకం ఇచ్చింది. మామూలు పౌరుల్లో మొదట వెళ్లే అవకాశం మాత్రం టీచర్ క్రిస్టా మెకాలిఫ్‌కి వచ్చింది. 1986 జనవరి 28న చాలెంజర్ షటిల్ పేలిపోయి ఆమెతోపాటు మొత్తం ఏడుగురూ చనిపోయారు. వాళ్ల కోసం డెన్వర్ ఒక పాట రాశాడు.

1997 అక్టోబర్ 12న ఏం జరిగింది?

ఈ ప్రశ్నే అన్నిటికంటే ఎక్కువమంది అడుగుతారు.

విమానం పేరు లాంగ్-ఈజెడ్. బర్ట్ రుటాన్ అనే ప్రసిద్ధ డిజైనర్ గీసినది. కంపెనీలో తయారై వచ్చేది కాదు, ప్లాన్లు కొనుక్కుని ఎవరికి వారు ఇంటి షెడ్డులో కట్టుకునేది. చూడ్డానికి వెనక్కి ఎగురుతోందా అనిపిస్తుంది: చిన్న రెక్క ముందు, పెద్ద రెక్కలు వెనక, ఇంజనూ ప్రొపెల్లరూ ఇంకా వెనక. ముందొకరు, వెనకొకరు కూర్చోవచ్చు. డెన్వర్ దాన్ని సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ముందురోజు అరగంటపాటు ఒకరు దగ్గరుండి నడిపించి చూపించారు. ఆ విమానంతో అతనికి అంతకుమించి పెద్దగా పరిచయం లేదు.

ఆదివారం సాయంత్రం 5 గంటల 12 నిమిషాలకు మాంటెరే విమానాశ్రయం నుంచి లేచాడు. రన్‌వే మీద చక్రాలు ఆనించి మళ్లీ లేవడం కాసేపు సాధన చేశాడు. తర్వాత పసిఫిక్ గ్రోవ్ తీరం వైపు మళ్లాడు. ఒడ్డున ఉన్నవాళ్లు సుమారు 350 నుంచి 500 అడుగుల ఎత్తులో విమానం చూశారు. ఇంజన్ టపటపమన్న చప్పుడు, ఆ తర్వాత శబ్దం తగ్గడం కొందరు విన్నారు. విమానం ఒక్కసారిగా ఒరిగి, ముక్కు కిందకి పెట్టి నీళ్లలో పడింది. టైము 5 గంటల 28 నిమిషాలు. లేచి పదహారు నిమిషాలు.

2,700 గంటల అనుభవం ఉన్నవాడు ఎందుకు పడిపోయాడు?

పాత బైకు నడిపినవాళ్లకు ఇది చిటికెలో అర్థమవుతుంది. రోడ్డు మీద బండి గుర్రుగుర్రుమంటుంది. ‘రిజర్వ్‌లో పడింది’ అనుకుంటాం. కళ్లు రోడ్డు మీదే ఉంటాయి, ఎడమ చెయ్యి కిందకి వెళ్లి ట్యాంకు కింద మోకాలి దగ్గరున్న నాబ్ తిప్పేస్తుంది. బండి ఆగదు. ఆలోచించే పని లేదు, చేతికి తెలుసు.

ఇప్పుడు ఆ నాబ్ మీ ఎడమ భుజం వెనకాల ఉందనుకోండి. దాని మీద ఏ వైపు ఏమిటో రాసి లేదు. పైగా బిగుసుకుపోయి ఉంది.

లాంగ్-ఈజెడ్‌లో రెండు రెక్కల్లో రెండు ట్యాంకులుంటాయి. ఒకటి అయిపోతే వాల్వు తిప్పి రెండోదానికి మారాలి. డిజైన్ ప్రకారం ఆ వాల్వు పైలట్ మోకాళ్ల మధ్య, ఎదురుగా ఉండాలి. ఈ విమానం కట్టినాయన ఇంధనం గొట్టాలు మనిషి కూర్చునే చోటికి రాకూడదని దాన్ని వెనక్కి, ఎడమ భుజం అవతలికి మార్చాడు. ఉద్దేశం జాగ్రత్తే. కానీ దాన్ని అందుకోవాలంటే పైలట్ ఒళ్లంతా ఎడమ వైపు వెనక్కి తిప్పాలి. ఇంధనం ఎంతుందో చూపే గొట్టాలూ వెనకే ఉన్నాయి, వాటి మీద కొలతల గుర్తులు లేవు.

ఇవేవీ డెన్వర్‌కి తెలియనివి కావు. బయల్దేరే ముందు విమానాశ్రయంలో ఒక మెకానిక్‌తో ఈ నాబ్ గురించే మాట్లాడాడు. పట్టుకు దొరుకుతుందేమోనని లాకింగ్ ప్లయర్ బిగించి చూశారు, అయినా అందలేదు. వెనక గొట్టాలు చూసుకోవడానికి మెకానిక్ చిన్న అద్దం ఇచ్చాడు. ఇంధనం పోయించుకుంటారా అంటే వద్దన్నాడు, గంటసేపేగా అన్నాడు. అవసరమైతే ఆటోపైలట్ పెట్టి వాల్వు తిప్పుకుంటానన్నాడు.

దర్యాప్తు చేసిన జాతీయ రవాణా భద్రతా బోర్డు అధికారులు ఇంకో సంగతి కనిపెట్టారు. ఆ సీట్లో కూర్చుని ఎడమ భుజం వెనక్కి తిరిగితే, ఆనుకోవడానికి కుడికాలు తనంతట తనే ముందుకు చాచుకుంటుంది. ముందు ఉన్నది రడ్డర్ పెడల్. అది తొక్కితే విమానం కుడివైపు తిరిగి ఒరుగుతుంది. చాలా ఎత్తులో ఉంటే సర్దుకోవచ్చు. 500 అడుగుల ఎత్తులో ఆ వ్యవధి లేదు.

అయితే తప్పెవరిది?

బోర్డు నివేదిక ఒక్కరి మీద వేయలేదు. వాల్వు తిప్పే ప్రయత్నంలో విమానం మీద నుంచి ధ్యాస మళ్లడం, తెలియకుండా రడ్డర్ తొక్కడం ప్రధాన కారణమంది. దానికి తోడుగా ఇంధనం నింపుకోకపోవడం, ఈ రకం విమానంలో తగినంత శిక్షణా, అనుభవమూ లేకపోవడం, గుర్తుల్లేని వాల్వుని అందని చోట పెట్టడం, గుర్తుల్లేని ఇంధన గొట్టాలు అని వరసగా చెప్పింది.

ఆ నివేదిక గురించి చదివిన రోజు నాకు దుఃఖం కన్నా చిరాకే ఎక్కువ వచ్చింది. ఎవరైనా ‘తనకిష్టమైన ఆకాశంలోనే కలిసిపోయాడు’ అంటే ఆ చిరాకు మళ్లీ వస్తుంది. ఆకాశం ఏమీ చెయ్యలేదు. ఆ రోజు వాతావరణం కూడా బాగుంది. పది నిమిషాలు ఆగి ఇంధనం పోయించుకుని ఉంటే, ఆ నాబ్ ముట్టుకునే పనే ఉండేది కాదు.

తాగి నడిపాడని అంటారు?

అబద్ధం. పోస్ట్‌మార్టంలో మద్యం గానీ, మత్తుపదార్థాలు గానీ కనిపించలేదు. ఆ మాట ఎందుకు పుట్టిందంటే, 1993, 1994లలో తాగి కారు నడిపినందుకు అరెస్టయ్యాడు. మద్యం పూర్తిగా మానెయ్యాలన్న షరతు పాటించలేదని విమానయాన అధికారులు అతని వైద్య అర్హత రద్దు చేశారు. కాబట్టి ఆ సాయంత్రం చట్టప్రకారం అతను విమానం నడపకూడదు. ప్రమాదానికి మద్యం కారణం కాదు, అర్హత లేకుండా ఎక్కింది మాత్రం నిజం. అభిమానులు మొదటిది చెప్పి రెండోది మింగేస్తారు. రెండూ చెప్పాలి.

మనిషిగా మంచివాడేనా?

పాటలు విని దేవుడనుకుంటే దెబ్బ తింటాం. ‘ఆనీస్ సాంగ్’ భార్య ఆనీ కోసం కొలరాడోలోని ఆస్పెన్ ఊళ్లో మంచుకొండ ఎక్కించే లిఫ్ట్‌లో కూర్చుని పది నిమిషాల్లో అల్లాడంటారు. లక్షలమంది పెళ్లిళ్లలో మోగిన పాట. విడాకుల సమయంలో కోపంతో అదే భార్య గొంతు పట్టుకున్నానని, ఇంట్లో మంచాన్ని రంపంతో కోశానని ఆత్మకథలో అతనే రాశాడు. ఒప్పుకున్నాడు కాబట్టి తప్పు చిన్నది కాదు.

ఇంకో వైపు, ఆకలి సమస్య మీద అధ్యక్షుడు కార్టర్ వేసిన సంఘంలో పనిచేశాడు. ప్రచ్ఛన్న యుద్ధం నడుస్తుండగానే 1985లో సోవియట్ యూనియన్ వెళ్లి పాడాడు, 1987లో చెర్నోబిల్ బాధితుల కోసం మళ్లీ వెళ్లాడు. అదే 1985లో పాటల మీద హెచ్చరిక ముద్రలు వెయ్యాలన్న వాదన సెనేట్ ముందుకొచ్చినప్పుడు, సెన్సార్ వద్దని సాక్ష్యం చెప్పాడు. ఈ పెద్దమనిషి తమ పక్షాన మాట్లాడతాడనుకున్నవాళ్లు బిత్తరపోయారు.

మా ఇంట్లో క్రిస్మస్‌కి పెట్టే జిమ్ రీవ్స్ కూడా విమానంలోనే పోయాడుగా? ఇద్దర్నీ కలిపేస్తుంటాం.

చాలామంది కలిపేస్తారు. జిమ్ రీవ్స్ అంతకుముందు తరం. అచ్చమైన నాష్‌విల్ గాయకుడు. మన క్రైస్తవ కుటుంబాల్లో ఆయన క్రిస్మస్ పాటలు తెలియనివాళ్లు తక్కువ. ఆయనా పైలటే. 1964 జూలై 31న తన చిన్న బీచ్‌క్రాఫ్ట్ విమానం నడుపుతూ నాష్‌విల్ దగ్గరికి వచ్చేశాక ఉరుముల వానలో చిక్కుకుని కూలిపోయాడు. పక్కన పియానో వాయించే డీన్ మాన్యుయెల్ ఉన్నాడు. అడవిలో శిథిలాలు దొరకడానికి దాదాపు రెండు రోజులు పట్టింది. 1963లో ఇలాగే విమాన ప్రమాదంలో పోయిన కంట్రీ గాయని ప్యాట్సీ క్లైన్ మాత్రం ప్రయాణికురాలే, ఆ విమానం నడిపింది ఆమె మేనేజర్.

వినడం ఎక్కడ మొదలుపెట్టాలి?

‘రాకీ మౌంటెన్ హై’తో. 1972 పాట. కొలరాడో 2007లో దాన్ని తన రెండో రాష్ట్ర గీతం చేసుకుంది. డెన్వర్ నగరంలో ఉంటున్న తెలుగువాళ్లయితే కిటికీ తెరిచి కొండలు చూస్తూ వినొచ్చు. పిల్లలుంటే ‘ఆల్ అబోర్డ్’ పెట్టండి, రైలు పాటల ఆల్బమ్. పోయిన మరుసటి ఏడు, 1998లో, దానికి గ్రామీ వచ్చింది. అంత పేరున్నవాడికి దక్కిన ఒకే ఒక్క గ్రామీ. అదీ రైళ్ల మీద!

సమాధి ఎక్కడుంది? వెళ్లి చూడొచ్చా?

సమాధి లేదు. అస్థికలు రాకీ పర్వతాల్లో కలిపారు. ఆస్పెన్‌లో రోరింగ్ ఫోర్క్ నది పక్కన అతని పేరుతో ఒక తోట ఉంది, అక్కడి పెద్ద పెద్ద బండల మీద పాటల చరణాలు చెక్కి ఉంటాయి. అక్టోబర్‌లో అభిమానులు ఆ ఊళ్లో కలుస్తుంటారు.

పసిఫిక్ గ్రోవ్ తీరంలో, విమానం పడిన చోటికి ఎదురుగా, ఒడ్డున ఒక బండకి 2007లో కంచు ఫలకం బిగించారు. రోడ్డు పక్కనే. సాయంత్రం అయిదింటికి వెళ్తే, అతను చూసిన వెలుగు దాదాపు అదే ఉంటుంది.